ఆత్మరక్షణ ఎవరి హక్కు? తుపాకి ఎవరి చేతిలో?

(విజయనగరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళ మీద ఏదైనా ఘోరం జరిగి పత్రికల్లో పెద్దగా వచ్చినప్పుడల్లా మన సభల్లోనే ఎవరో ఒకరు లేచి, "ఆడదాని చేతికి ఓ తుపాకి ఇస్తే సరి, ఈ పోలీసులూ కోర్టులూ ఎందుకు?" అంటారు. చప్పట్లు కూడా పడతాయి. అది కోపంలోంచి వచ్చిన మాటే. కానీ దాని వెనక ఒక రాజకీయ సిద్ధాంతం ఉంది. ఆ సిద్ధాంతం మీద అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా చట్టాలు చేసుకుంది. మన దేశంలో కూడా ఆయుధాల చట్టం సడలించాలని అడిగే వాళ్ళున్నారు. ఈ వాదనను వేళాకోళం చెయ్యకుండా, అలాగని ఆవేశంలో ఒప్పేసుకోకుండా, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అనుభవం పక్కన పెట్టి చూద్దామని ఈరోజు నా ప్రయత్నం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆత్మరక్షణ హక్కు రాజ్యం మనకు దయతో ఇచ్చింది కాదు, మనిషిగా పుట్టినందుకే వచ్చింది అనే వాదన సరైనదే. రాజ్యం మన ఆయుధం తీసుకుని దానికి బదులుగా రక్షణ ఇవ్వటం లేదన్నది కూడా నిజమే. కానీ దానికి మందు తుపాకి లైసెన్సు అనటం దగ్గర నేను విడిపోతాను. మన జిల్లాల్లో తుపాకి ఎప్పుడూ భూమి వెంట, కులం వెంట, మగవాడి వెంట నడిచింది. మనం అడగవలసింది వేరే ఉంది. చివరికి అక్కడికి వస్తాను.

వాదన ఏమిటి?

రాజ్యం ఎంత తక్కువ ఉంటే మనిషికి అంత స్వేచ్ఛ అని నమ్మేవాళ్ళను లిబర్టేరియన్లు అంటారు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. నా శరీరం నాది. దాని మీద దాడి జరిగితే ఎదిరించే హక్కు నాది. హక్కు ఉందని ఒప్పుకుని సాధనాన్ని నిషేధించటం అంటే హక్కును కాగితం మీద ఉంచటమే. దాడి జరిగే ఆ రెండు మూడు నిమిషాల్లో పోలీసు అక్కడ ఉండడు. ఒంటి బలంలో ఆడమనిషి మగవాడితో సమానం కాదు కాబట్టి, ఆ తేడాను చెరిపేసేది తుపాకి ఒక్కటే అంటారు.

ఈ వాదనకు వాళ్ళు చూపించే గట్టి ఉదాహరణ ఒక స్త్రీదే. కొలరాడో రాష్ట్రంలో కాజిల్ రాక్ అనే ఊళ్ళో జెస్సికా గొంజాలెజ్ అనే తల్లి, విడిపోయిన భర్త తన దగ్గరికీ పిల్లల దగ్గరికీ రాకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. 1999 జూన్‌లో అతను ముగ్గురు ఆడపిల్లల్నీ ఎత్తుకుపోయాడు. ఆమె పోలీసులకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది, స్టేషన్‌కు వెళ్ళింది. వాళ్ళు కదల్లేదు. ముగ్గురు పిల్లలూ చనిపోయారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని అడిగే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని తీర్పు చెప్పింది. కాపాడే బాధ్యత నాకు లేదని రాజ్యమే చెప్తే, నన్ను నేను కాపాడుకోవటానికి అడ్డం రావటానికి దానికేం హక్కుంది అని లిబర్టేరియన్లు అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పటం అంత తేలిక కాదు.

గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్న మన దగ్గరి ఆడవాళ్ళకు ఇది కొత్త కథేమీ కాదు. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సిగ్నల్ అందని కొండల మీద ఏ యాప్ అయినా ఒకటే. స్టేషన్ కొండ కింద ఉంటుంది, ఊరు పైన ఉంటుంది.

మన ఆయుధాల చట్టం కథ

ఆయుధాల చట్టం వలస పాలకుల బిడ్డ అన్నది కూడా నిజమే. 1857 తిరుగుబాటు తర్వాత భయంతో మొదలైన ఆంక్షలు 1878లో లార్డ్ లిట్టన్ కాలంలో పూర్తిస్థాయి చట్టమయ్యాయి. యూరోపియన్లకు మినహాయింపు. కొందరు జమీందార్లకు, బిరుదులున్న వాళ్ళకు మినహాయింపు. మిగతా జనానికి లైసెన్సు. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలని రాసుకున్నారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. చివరికి 19వ అధికరణంలో మిగిలింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

అంబేద్కర్ అభ్యంతరాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆయుధం అందరి హక్కు అంటే, నేరాలకు పాల్పడే వాళ్ళ చేతిలోనూ అది హక్కుగానే ఉంటుందన్నది ఆయన భయం. ఊళ్ళో ఆయుధం పట్టి తిరగగలిగే స్తోమత, ధైర్యం ఎవరికుంటాయో ఈ గదిలో అందరికీ తెలుసు.

1878 చట్టం పోయి 1959లో ఇప్పుడున్న ఆయుధాల చట్టం వచ్చింది. ఆయుధాల మీద చట్టం చేసే అధికారం కేంద్రానిది. అంటే అమెరికాలో లాగ రాష్ట్రానికో తుపాకి చట్టం మనకు రాదు. కానీ లైసెన్సు ఇచ్చేది జిల్లా అధికారి, నివేదిక ఇచ్చేది స్థానిక పోలీసు. కాబట్టి చట్టం ఢిల్లీలో ఉన్నా నిర్ణయం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో, విజయనగరం కలెక్టరేట్‌లో జరుగుతుంది.

ఆ చట్టంలో రెండు సంగతులు మీరు గుర్తుంచుకోవాలి. మొదటిది 14వ సెక్షన్. దరఖాస్తుదారుకు తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని అందులో స్పష్టంగా ఉంది. చట్టం చేసినవాళ్ళకే తెలుసన్నమాట, ఆస్తి లేనివాడికి తుపాకి ఇవ్వరని. రెండవది, ఆయుధం అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం. ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే తయారైన వస్తువు ఆ అర్థంలోకి రాదు. మామూలు కర్ర రాదు. అంటే మీ చేతిలో కొడవలి, కత్తిపీట, రోకలి చట్టం దృష్టిలో పనిముట్లు. ఈ సంగతి ముందుకు మళ్ళీ పనికొస్తుంది.

2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని రెండుకు తగ్గించారు, శిక్షలు పెంచారు. రెండు తుపాకులు సరిపోవా, మూడు కావాలా అన్నది మన ఊళ్ళలో ఎంతమందికి సమస్యో మీరే ఆలోచించండి.

మన జిల్లాల్లో ఆయుధం నడిచిన దారి

ఆయుధం, ఆడదాని రక్షణ అన్న రెండు మాటలూ కలిసి వినిపించే కథ ఒకటి ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడిపోతుందనగా లోపలి మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపేశారు. దాన్ని మనం వీరగాథగా పాడుకుంటాం, నాటకం వేసుకుంటాం, సినిమా తీసుకున్నాం. చనిపోయిన ఆ స్త్రీలను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న ఆ పాటల్లో లేదు. మానరక్షణ పేరుతో పట్టిన ఆయుధం ముందు ఎవరి మీదికి తిరుగుతుందో చెప్పటానికి బొబ్బిలి కంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

రెండో ఉదాహరణ మన అమ్మల కాలంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు వెళ్తున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి తుపాకులతో కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు విడుదలయ్యారు. అప్పటి పార్వతీపురం తాలూకాలో తుపాకి ఎవరి దగ్గర ఉందో, ఆ తుపాకి పేలినప్పుడు కోర్టులో ఏం జరిగిందో చూసిన తర్వాత, గిరిజన యువకులు చాలామంది కోర్టుల మీద ఆశ వదులుకున్నారు. తర్వాత జరిగింది చరిత్ర.

ఆ చరిత్రలో రాజ్యం వాడిన చట్టం గురించి మన సంఘాల్లో తక్కువ మాట్లాడుకుంటాం. మద్రాసు రాష్ట్రం నుంచి మనకు వారసత్వంగా వచ్చిన 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం అది. ఒక ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటిస్తే, సబ్-ఇన్‌స్పెక్టర్, ఆ పై స్థాయి పోలీసు అధికారి ఎవరైనా, అయిదుగురు గుమిగూడకూడదన్న ఉత్తర్వునో, ఆయుధాలు పట్టకూడదన్న ఉత్తర్వునో మీరిన వాళ్ళ మీద హెచ్చరించి కాల్పులు జరపవచ్చు, ప్రాణం పోయినా సరే. 1969లో శ్రీకాకుళం ఏజెన్సీని ఇలాగే ప్రకటించారు. సవర, జాతాపు మనిషి అడవికి గొడ్డలి లేకుండా వెళ్ళడు. ఆ గొడ్డలి ఆయుధాల చట్టంలో పనిముట్టు. కల్లోలిత ప్రాంతంలో అదే గొడ్డలి చేతిలో ఉందంటే కాల్పులకు కారణం. రాష్ట్ర స్థాయిలో ఆయుధాల చట్టమేదీ లేదన్నాను గదా, ఉన్నది ఇలాంటిది. అది పౌరుడి చేతిలోంచి ఆయుధం తీసి సబ్-ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది.

మూడో ఉదాహరణ లక్ష్మీపేట. వంగర మండలం, అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకోగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న తూర్పు కాపులు వాళ్ళ మీద నాటుబాంబులు, బరిసెలు, గొడ్డళ్ళతో దాడి చేశారు. అయిదుగురు దళితులు చనిపోయారు. ఇక్కడ లైసెన్సు తుపాకి ఊసే లేదు. అంటే తుపాకులను అదుపు చేస్తే చాలు, ఊరు శాంతంగా ఉంటుంది అనుకోవటం కూడా తప్పే. సంఖ్య, భూమి, పలుకుబడి ఉన్నవాడికి ఏది దొరికితే అది ఆయుధమవుతుంది.

లక్ష్మీపేట సందర్భంగా మీ అందరికీ తెలియవలసిన నిబంధన ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో మూడవది. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఆయుధం ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్నను కులం ప్రశ్నగా చూసిన నిబంధన ఇది. లిబర్టేరియన్ పుస్తకాల్లో ఇది కనిపించదు. వాళ్ళ లెక్కలో మనుషులందరూ ఒకే మైదానంలో నిలబడి ఉంటారు.

అయితే పేదవాళ్ళకు తుపాకులిస్తే సరిపోతుందా? దానికి జవాబు పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. సల్వాజుడుం పేరుతో ఆదివాసీ యువకులకు రాజ్యమే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నది. ఊళ్ళు తగలబడ్డాయి, ఆదివాసీని ఆదివాసీ చంపాడు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమంది. ఇచ్చిన తుపాకి వెంట ఇచ్చినవాడి పని కూడా వస్తుంది.

ఇంట్లో తుపాకి

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతికి వద్దాం. ఆడదానికి తుపాకి అన్నప్పుడు మన మనసులో మెదిలే బొమ్మ చీకటి సందు, ముక్కూ మొహం తెలియని మగవాడు. కానీ మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు తెలిసినవాడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస అనుభవించినట్టు చెప్పారు. మన రాష్ట్రంలో కూడా దాదాపు అంతే. అంటే దాడి ఎక్కువగా జరిగేది ఇంట్లోనే, చేసేది ఇంటివాడో, చుట్టమో, పొలం గట్టు మీది ఆసామో. ఇంట్లోకి తుపాకి వస్తే దాని తాళం ఎవరి మొలతాడుకు ఉంటుంది? బంగారం, భూమి పట్టా, చివరికి పొదుపు సంఘం పాసుపుస్తకం కూడా ఎవరి దగ్గర ఉంటాయో మీరు రోజూ చూస్తున్నారు.

తుపాకి తేలిగ్గా దొరికే అమెరికాలో దీని మీద పరిశోధనలు జరిగాయి. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుందని తేల్చారు.

ఆ దేశంలో చట్టాలు అందరికీ ఒకే రకంగా పనిచేశాయా? ఫ్లోరిడా రాష్ట్రం 2005లో ఒక చట్టం చేసింది. దాడి భయం ఉన్నవాడు వెనక్కి తగ్గే అవకాశమున్నా తగ్గనక్కర్లేదు, నిలబడి కాల్చవచ్చు అని. లిబర్టేరియన్లు దాన్ని గొప్ప విజయమన్నారు. 2010లో అదే ఫ్లోరిడాలో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ, అంతకుముందు తనను కొట్టిన భర్తను బెదిరించటానికి ఒక్క గుండు గోడకేసి పేల్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చట్టం ఆమెకు వర్తించదన్నారు. 2012లో 20 ఏళ్ళ శిక్ష వేశారు. అప్పీలు, ఉద్యమం తర్వాత 2015లో జైలు నుంచి బయటికి వచ్చింది. అదే రాష్ట్రంలో ట్రేవన్ మార్టిన్ అనే 17 ఏళ్ళ నిరాయుధ నల్లజాతి పిల్లవాడిని కాల్చి చంపిన జార్జ్ జిమ్మర్‌మన్‌ను 2013లో ఆత్మరక్షణ కిందే నిర్దోషి అన్నారు. ఒకే రాష్ట్రం, ఒకే హక్కు. ఎవరి భయాన్ని న్యాయస్థానం నమ్మింది అన్నదే తేడా.

నా మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆత్మరక్షణ హక్కు అంటే అసలు అర్థం, నాకు ప్రాణభయం కలిగింది అని చెప్తే నమ్మబడే హక్కు. తుపాకి దగ్గర ఉన్నా ఆ నమ్మకం లేకపోతే ఆడది హంతకురాలు అవుతుంది. తుపాకి లేకపోయినా ఆ నమ్మకం ఉంటే, కొడవలి పట్టినా న్యాయం దొరుకుతుంది.

మన చట్టంలో ఇప్పటికే ఉన్నది

ఆ కొడవలికి మన చట్టంలో ఎంత చోటుందో చాలామంది కార్యకర్తలకు కూడా తెలియదు. పాత శిక్షా స్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. కొంచెం ఓపికగా వినండి, ఇది పనికొచ్చే భాగం.

మన శరీరాన్నే కాదు, ఇతరుల శరీరాన్ని కాపాడటానికి కూడా ఈ హక్కు ఉంది. పక్కింటావిడ మీద దాడి జరుగుతుంటే అడ్డుపడ్డ మీకు కూడా వర్తిస్తుంది. 38వ సెక్షన్ ప్రకారం ప్రాణభయం, తీవ్ర గాయం భయం, అత్యాచార ఉద్దేశం, ఎత్తుకుపోవటం, యాసిడ్ దాడి లాంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. యాసిడ్ సంగతి 2013 సవరణతో చేరింది. 36వ సెక్షన్ ప్రకారం దాడి చేసినవాడు తాగి ఉన్నా, మతి తప్పి ఉన్నా మన హక్కు తగ్గదు. "తాగున్నాడు, ఏదో తెలియక చేశాడు" అని స్టేషన్‌లో రాజీకి కూర్చోబెట్టే వాళ్ళకు ఈ సెక్షన్ చదివి వినిపించండి.

ఆ క్షణంలో ఎంత దెబ్బ కొట్టాలో తక్కెడలో తూచినట్టు కొట్టలేరని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో, దాడిని ఎదుర్కొంటున్న మనిషి పారిపోయి తీరాలని చట్టం కోరదని కూడా చెప్పింది. అంటే అమెరికాలో పెద్ద విప్లవంగా చెప్పుకున్న ఆ సూత్రం మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. ఆత్మరక్షణను నిరూపించటానికి ప్రాసిక్యూషన్‌కు ఉన్నంత బరువు నిందితురాలి మీద ఉండదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. మొదట ఆ మాట అనకపోయినా, సాక్ష్యంలో అది కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చని 1968లోనే మున్షీరామ్ కేసులో చెప్పారు.

ఇక లోపాలు. మొదటిది, పెళ్ళాం మీద భర్త చేసేది అత్యాచారం కాదని 63వ సెక్షన్‌లో మినహాయింపు ఇప్పటికీ ఉంది, ఆమెకు 18 ఏళ్ళు నిండి ఉంటే. చట్టం దృష్టిలో అది అత్యాచారమే కానప్పుడు, అత్యాచారాన్ని ఎదిరించే హక్కు అన్న మాట భర్త ముందు పనిచెయ్యదు. తీవ్ర గాయం భయం ఉందని వేరే దారిలో వాదించుకోవాలి. బయటివాడి మీద ఉన్న హక్కు ఇంట్లోవాడి దగ్గరికి వచ్చేసరికి సగమైపోతుంది. శరీరం నాది అనే సిద్ధాంతాన్ని నిజంగా నమ్మేవాళ్ళు తుపాకి కంటే ముందు ఈ మినహాయింపు తీసెయ్యమని అడగాలి.

రెండవది, ప్రమాదం కళ్ళెదుట ఉన్నంతసేపే ఈ హక్కు. పదేళ్ళు దెబ్బలు తిన్న స్త్రీ, మేలుకుని ఉన్న మగవాణ్ణి ఎదిరించలేక అతను పడుకున్నాక తిరగబడితే చట్టం ఆమె వైపు ఉండదు. ఇంగ్లండ్‌లో కిరణ్‌జిత్ అహ్లూవాలియా అనే పంజాబీ స్త్రీ కేసులో, 1992లో హత్యానేరం తీర్పును కొట్టేయించటానికి స్త్రీల సంఘాలు ఎంతో పోరాడవలసి వచ్చింది. మన కోర్టుల్లో ఈ ఆలోచన ఇంకా అక్కడక్కడే ఉంది.

మూడవది 37వ సెక్షన్. ప్రభుత్వోద్యోగి తన హోదాలో, మంచి ఉద్దేశంతో చేసే పనికి వ్యతిరేకంగా ఆత్మరక్షణ హక్కు లేదు, ప్రాణభయమో తీవ్ర గాయం భయమో ఉంటే తప్ప. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. అత్యాచారం ఏ హోదాలోనూ మంచి ఉద్దేశంతో చేసే పని కాదు కాబట్టి, ఆ రోజు వాళ్ళు కొడవలి ఎత్తినా పుస్తకంలో చట్టం వాళ్ళదే. కానీ ఎత్తి ఉంటే ఏం జరిగేదో ఊహించండి. ఎత్తకుండా చట్టం దారిలోనే నడిచిన వాళ్ళకు 16 ఏళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, పోలీసులను నిర్దోషులని విడిచిపెట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది.

రాజ్యం ఆత్మరక్షణ

ఈ సెక్షన్లను అందరికంటే ధారాళంగా వాడుకున్నది రాజ్యమే. ప్రతి ఎన్‌కౌంటర్ కథలోనూ పోలీసులు ఆత్మరక్షణ కోసమే కాల్చి ఉంటారు. 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం కేసులో, పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు చెయ్యాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాలి అని చెప్పింది. మనందరికీ ఉన్న నియమమే పోలీసుకూ అన్నది, అంతే. నెల తిరగకుండా సుప్రీంకోర్టు దాని అమలు ఆపింది. 2014లో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు మార్గదర్శకాలు మాత్రం ఇచ్చింది.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర నలుగురు అత్యాచార నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. 2022లో సిర్‌పూర్కర్ కమిషన్ ఆత్మరక్షణ కథ నిలబడదని, కావాలనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని చెప్పింది. మన పేరు చెప్పి, మన రక్షణ పేరు చెప్పి అబద్ధపు ఆత్మరక్షణను చెలామణి చేస్తే, నిజమైన ఆత్మరక్షణ కోసం కొడవలి ఎత్తిన ఆడదాని మాటకు విలువ ఎక్కడినుంచి వస్తుంది? పోలీసు మాట విచారణ లేకుండా నమ్మేచోట మన మాట విచారణ తర్వాత కూడా నమ్మరు. ఈ రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు.

మనం చెయ్యగలిగింది

తుపాకి అడుగుదామా వద్దా అన్న చర్చను మీకే వదిలేస్తున్నాను. ఎవరైనా ఒంటరి స్త్రీ, బెదిరింపులున్న సర్పంచు, దళిత మహిళ చట్టప్రకారం లైసెన్సు అడిగితే ఆమెను ఆపమని నేను చెప్పను. 14వ సెక్షన్ చూపించి ఆమె దరఖాస్తు పెట్టించండి. కానీ ఉద్యమంగా మన శక్తి పెట్టవలసిన చోట్లు వేరని నా అభిప్రాయం.

ఒకటి. 1995 నియమాల్లో మూడవదాన్ని మన జిల్లాల్లో ఎలా అమలు చేస్తున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏ గ్రామాలను గుర్తించారు, ఎన్ని లైసెన్సులు సమీక్షించారు, ఎన్ని రద్దు చేశారు, ఎవరికి ఇచ్చారు? శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం మూడు కలెక్టరేట్లలోనూ వెయ్యండి.

రెండు. దాడిని ఎదిరించిన స్త్రీ మీద కేసు పెట్టినప్పుడు మొదటి 24 గంటలు ముఖ్యం. ఆమె ఒంటి మీది గాయాలకు వైద్య పరీక్ష చేయించండి. చిరిగిన బట్టలు, పగిలిన గాజులు ఉతక్కుండా, ఊడ్చెయ్యకుండా దాచండి. ముందు ఎవరు దాడి చేశారన్నది ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయించండి. అంతకుముందు జరిగిన దాడుల గురించి ఇరుగుపొరుగు చెప్పేది రాసుకోండి. ఎదుటివాడు కౌంటర్ కేసు పెడతాడు, భయపడి రాజీకి రావద్దు.

మూడు. భార్య విషయంలో అత్యాచారం మినహాయింపు తీసెయ్యాలి, ఏళ్ళ తరబడి హింసను ఆత్మరక్షణ లెక్కలో తీసుకోవాలి, 1948 కల్లోలాల అణచివేత చట్టాన్ని రద్దు చెయ్యాలి. ఈ మూడు డిమాండ్లూ కలిపి పెట్టాలి. రాజ్యం అధికారాన్ని తగ్గించాలనే లిబర్టేరియన్ మిత్రులెవరైనా ఉంటే ఇక్కడ మనతో కలవవచ్చు.

నాలుగు. ఒంటరి ఆయుధం కంటే గుంపు బలం మనకు తెలిసిన పద్ధతి. 1992లో దూబగుంట నుంచి రాష్ట్రమంతా పాకిన సారా ఉద్యమంలో ఆడవాళ్ళ చేతిలో ఉన్నవి చీపుళ్ళు, కారప్పొడి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 2010లో సోంపేట బీల భూముల కోసం, 2011లో కాకరాపల్లి కోసం ఆడవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు. అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఆ ఊళ్ళలో ఒక ఆడదాని మీద చెయ్యి పడితే నలుగురు వస్తారన్న సంగతి అందరికీ తెలుసు. ఏ లైసెన్సూ ఇవ్వలేని రక్షణ అది.

ఉద్దానం జీడితోటల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు ఎలుగుబంటి భయం. అందుకే ఒక్కరూ వెళ్ళరు, గుంపుగా వెళ్తారు, చేతిలో కర్ర ఉంటుంది. ప్రాణం కాపాడుకోవటానికి మంచి ఉద్దేశంతో అడవి జంతువును చంపినా నేరం కాదని 1972 వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకుంది. ఎలుగుబంటి ముందు ఆడమనిషి భయాన్ని చట్టం ఒక్క మాటలో నమ్మింది. మగవాడి ముందు, పోలీసు ముందు ఆమె భయాన్ని కూడా అలాగే నమ్మమని అడుగుదాం. ఆ పని మీ మీ మండలాల్లో, మీ దగ్గరికి వచ్చే తర్వాతి కేసుతోనే మొదలవ్వాలి.

 ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా నాతో ఏకీభవించని వాళ్ళు.